ఎవరూ పాడని మెట్టు

జూలై పద్దెనిమిది, మంగళవారం, ఉదయం తొమ్మిదీ పదికి అది మొదలైంది. బడి ప్రార్థన జరుగుతోంది. నేను హార్మోనియం ముందు కూర్చున్నాను. పాట రెండో చరణం ముగిసేచోట, ప్రార్థన పాడే కాయిర్ బృందంలో పై వరుసలో నిలబడ్డ తొమ్మిదో తరగతి పిల్ల గొంతులో గాలి వినబడింది.

గాలి అంటే ఏమిటో చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న గొంతులో ఊపిరి మొత్తం స్వరమైపోతుంది. గొంతు దెబ్బతినడం మొదలైనప్పుడు కొంత ఊపిరి స్వరం కాకుండా పక్కనుంచి జారిపోతుంది, సైకిల్ ట్యూబుకు సన్నటి పంక్చర్ పడ్డట్టు. వినేవాళ్లు జలుబు చేసిందనుకుంటారు. నాకు మాత్రం తిత్తి ఊదే చేయి ఆగిపోయింది. ప్రార్థన మధ్యలో హార్మోనియం ఆగడం ఆ బడిలో ఎవరూ ఎరగరు. పిల్లలంతా కళ్లు తెరిచి నావైపు చూశారు.

వరంగల్లో ఒక మిషన్ బడిలో ముప్పై రెండేళ్లు సంగీతం టీచరుగా పనిచేశాను. ఇది నా సర్వీసులో ఆఖరి ఏడాది జరిగింది. పిల్లలకు పాట నేర్పేవాళ్లు, నేర్పబోయేవాళ్లు మీలో కొందరైనా ఉంటారని రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. అందరూ ఇప్పటికీ ఈ ఊళ్లోనో చుట్టుపక్కలో ఉన్నారు.

నాకొక పద్ధతి ఉండేది. ప్రతి జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం కాయిర్ పిల్లల గొంతులు కొలిచేదాన్ని. హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి ఒక్కొక్క మెట్టే నొక్కుతూ, అడుగున ఎక్కడినుంచి పైన ఎక్కడిదాకా ఇబ్బంది లేకుండా పాడగలరో చూసి, బీరువా తలుపు లోపలివైపు సుద్దతో గీసేదాన్ని. ఇళ్లలో పిల్లల ఎత్తు గోడమీద గీసుకున్నట్టే. మామూలుగా పద్దెనిమిది, పందొమ్మిది మెట్లు వస్తాయి. ఈ పిల్లకు ఆ జూన్‌లో ఇరవై అయిదు వచ్చాయి. నేను పొరబడ్డానేమోనని మర్నాడు మళ్లీ కొలిచాను. ఇరవై అయిదే.

కేసముద్రం పిల్ల. తండ్రి అక్కడి మార్కెట్ యార్డులో హమాలీ. ఆరో తరగతి నుంచి మా హాస్టల్లోనే ఉంది. పాడేటప్పుడు ఎందుకో నవ్వు ముఖం పెట్టేది. నవ్వితే నోరు సరిగ్గా తెరుచుకోదని నేను కసిరేదాన్ని. అయినా నవ్వేది.

ఆ మంగళవారం ప్రార్థన కాగానే ఆమెను సంగీతం గదికి పిలిచాను. మెట్లు నొక్కుతూ పోయాను. ఇరవై మూడు దగ్గర ఆగిపోయింది. పై రెండు మెట్లకు నోరు తెరిచింది, గాలి వచ్చింది, స్వరం రాలేదు.

"హాస్టల్ల ఏం పాడుతానవ్ బిడ్డా?"

"ఏం పాడుతలేను టీచర్."

డ్రిల్ టీచర్ అక్కడే కిటికీ దగ్గర నిలబడి చాయ్ తాగుతోంది. నాకంటే పదేళ్లు చిన్నది. నన్ను అక్కా అని పిలిచేది. నా గదిలో ఫ్యాను బాగా తిరుగుతుందని ఖాళీ పీరియడంతా అక్కడే ఉండేది.

"అబద్ధం అక్కా. పొద్దుగాల అయిదింటికే బాత్రూంల మొదలువెడ్తది. వార్డెన్ తలుపు బాదినా ఇనది. గా పాటనే. గా కూత పాట."

పిల్ల తల వంచుకుంది.

ఆ ఏడు, పల్లవి చివర పైకి కూత పెట్టే ఆ సినిమా పాట వినబడని చోటు లేదు. ఆటోలో అదే, టిఫిన్ సెంటర్లో అదే, బరాత్‌లో డీజే మీద అదే. ఒక పాస్టరుగారి అబ్బాయి అయితే అదే వరసలో దేవుని పాట కట్టి మా చర్చిలో పాడాడు. సగం సంఘం ఆమెన్ అంది, సగం సంఘం కాలుతో తాళం వేసింది. కొత్త పాటల్ని ముసలివాళ్లు తిట్టుకోవడం కొత్తేమీ కాదు. మా నాయన కూడా నేను వింటున్న రేడియోను కట్టేసేవాడు. నాకు నచ్చకపోవడం ఒక లెక్క కాదని అందుకే అనుకుంటాను. నా ఫిర్యాదు వేరు.

ఆ పాటలో ఊపిరి తీసుకునే చోటు లేదు. కాగితం మీద రాసుకుని చూశాను. పల్లవి మొదలైన దగ్గర్నుంచి ఆ పై కూత దాకా ఎనిమిది పంక్తులు. మనిషన్నవాడు ఎక్కడా ఊపిరి తీసిన చప్పుడు లేదు. పాడినామె తీసే ఉంటుంది. తర్వాత కంప్యూటర్లో కత్తిరించారు. ఈ మధ్య పాటలన్నీ అంతే. పిల్లలు ఆ కత్తిరించిన పాట విని, పాడడమంటే అదే అనుకుంటారు. ఊపిరి తీసుకోవడం చేతకానితనం అనుకుంటారు. నేను నేర్పే ప్రతి పాటలోనూ ఎర్ర సిరాతో ఊపిరి గుర్తులు పెట్టేదాన్ని. ఆ గుర్తులు చూసి పిల్లలు నవ్వుకునేవారని నాకు తెలుసు.

ఇంకొకటి, ఒరిజినల్ స్కేల్ అనే పట్టింపు. సినిమాలో ఏ శ్రుతిలో ఉందో సరిగ్గా ఆ శ్రుతిలోనే పాడాలి. ఒక్క మెట్టు దించి పాడినా ఓడిపోయినట్టే. మా కాలంలో ముందు గొంతు చూసుకుని తర్వాత శ్రుతి పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు శ్రుతి ఫోనులో ఉంటుంది, గొంతే దానికి సరిపడాలి. ఆ కూత మా పిల్ల ఇరవై అయిదో మెట్టుకు ఇంకా మూడు మెట్లు పైన ఉంది.

శనివారం హనుమకొండలో గొంతు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. నేనూ, కేసముద్రం నుంచి వచ్చిన తండ్రీ, పిల్లా. డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, లోపలిది టీవీలో చూపించాడు. తెల్లటి రెండు తంత్రుల మీద ఎదురెదురుగా ఆవగింజలంత రెండు బుడిపెలు.

"ఇప్పుడైతే మెత్తగనే ఉన్నయ్ మేడం. ఆరు వారాలు నోరు తెర్వద్దు. గుసగుసలు గుడ వద్దు. అవే తగ్గుతయ్."

"తగ్గకపోతే?" అన్నాను.

"తగ్గకముందే మళ్ల గట్లనే అరిచిందనుకోండ్రి, లోపల రక్తనాళం పగుల్తది. ఒక్క నిమిషం పని. పగిలినంక వచ్చే గొంతు ఏ గొంతో నేను చెప్పలేను."

తండ్రికి సగమే అర్థమైంది. బయట మెట్ల మీద నన్ను ఆపాడు. "మాట అయితే వస్తది కద టీచరమ్మా?"

"మాటొస్తది."

"గంతే సాలు. పాట లేకున్నా బతుకుతది," అన్నాడు. పిల్ల వెనకనే ఉంది. విన్నది.

ఆరు వారాలు ఆమె, మాటకు బదులు రాసి చూపే పలక మెడలో వేసుకుని తిరిగింది. హాస్టల్ పిల్లలు దాని మీద బొమ్మలు వేశారు. "మన బడిల చెప్పిన మాట ఇనే పిల్ల గిదొక్కతే అక్కా, ఎందుకంటే ఎదురు చెప్పరాదు," అని డ్రిల్ టీచర్ నవ్వించేది. నేను నవ్వేదాన్ని కానీ, బాత్రూంల వైపు ఎవరు కూనిరాగం తీసినా చెవి అటే పోయేది. క్లాసు వదిలేసి పోయి చూసిన రోజులున్నాయి. ఆ ఆగస్టులో నేను విన్నదల్లా నిశ్శబ్దమే, అది ఎక్కడ తెగుతుందోనని.

సెప్టెంబరు మొదటి వారంలో డాక్టరు మళ్లీ చూశాడు. ఆవగింజలు గసగసాలంత అయ్యాయి. మాట్లాడవచ్చు అన్నాడు. చిన్నగా, కిందిస్థాయిలో పాడుకోవచ్చు కూడా. అదే వారం మా హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ఒక వార్త తెచ్చింది. ఒక టీవీ చానల్ పాటల పోటీకి హనుమకొండలో ఎంపికలు పెడుతోంది. గెలిస్తే హైదరాబాద్. పాట మాత్రం వాళ్లిచ్చిన పదింటిలోంచే పాడాలి. మొదటిది ఆ కూత పాట.

"వద్దు సిస్టర్," అన్నాను.

"డాక్టర్‌ని అడుగుండ్రి టీచర్. నేను వద్దంటే ఆ పిల్ల హాస్టల్ల అన్నం ముడ్తలేదు."

నిజమే. రెండు పూటలు తినలేదు. డాక్టరును అడిగితే, అయిదు నిమిషాలు ఆలోచించి, నాలుగు మెట్లు దించి ఒక్కసారి పాడితే పరవాలేదన్నాడు. శ్రుతి దించుకోవచ్చని చానల్ వాళ్లూ చెప్పారు, ట్రాక్ మనదే తెచ్చుకోవాలి. ట్రాక్ అంటే పాటలేని వాద్యాల రికార్డు.

దాన్ని దింపించడానికి హనుమకొండలో నాకు తెలిసిన స్టూడియోకు పోయాను. ఆ స్టూడియో ఆయన ఒకప్పుడు మా బడి వార్షికోత్సవాలకు కీబోర్డు వాయించేవాడు. ఇప్పుడు ఫోక్ సాంగులు, బర్త్‌డే పాటలు రికార్డు చేస్తాడు. ట్రాకు దించేముందు, సరిపోల్చుకోవడానికి అసలు పాటనే నాలుగు మెట్లు దించి వినిపించాడు.

గదిలో ఒక మామూలు ఆడమనిషి గొంతు వినబడింది. కాస్త అలసిన గొంతు. ముప్పై అయిదు, నలభై ఏళ్లుంటాయి. కూత దగ్గరికి వచ్చినప్పుడు కొంచెం కష్టపడి, సరిగ్గా మనిషి పడేంత కష్టపడి, ఆ స్వరం అందుకుంది.

గోడ అవతల ఇన్నాళ్లూ ఎవరో ఉన్నట్టు అనిపించింది.

"ఇదేంది తమ్మీ?"

"గిదే ఆమె పాడింది మేడం." ఆయన నవ్వాడు. "మీరేమనుకున్నరు, పైన పాడిందనా? అంత పైన ఎవలు పాడ్తరు? కింద పాడిచ్చి మిషన్ల లేపిండ్రు. రోజు నేను చేసే పనే గది. లేపితే గొంతు సన్నగయితది, చిన్నపిల్ల లెక్క ఉంటది. జనానికి గదే కావాలె."

"మరి స్టేజీ మీద?"

"స్టేజీ మీద మూతి ఆడిస్తరు మేడం, గంతే. జర ఫికర్ చేయకుండ్రి, మీ ట్రాక్ మంచిగ దించి ఇస్త."

బస్సులో తిరిగి వస్తూ నాకు కోపం రాలేదు, అదే విచిత్రం. ఒక పిల్ల తెల్లవారుజామున బాత్రూంలో నిలబడి, ఏ గొంతూ ఎన్నడూ ముట్టని మెట్టు కోసం గొంతు చించుకుంది. ఆమె ఒక్కతేనా? ఎన్ని హాస్టళ్లు, ఎన్ని బాత్రూములు! ఆ ఆలోచనకే కిటికీ చువ్వ గట్టిగా పట్టుకున్నాను.

కానీ ఈ నిజం ఆమెను కాపాడుతుందని అనుకున్నాను. మర్నాడు గదిలో కూర్చోబెట్టి అంతా చెప్పాను. డ్రిల్ టీచర్ కూడా ఉంది.

"అంటే ఆమె గుడ పాడలేదా టీచర్?"

"పాడలేదు బిడ్డా."

"ఇంకెవ్వలన్న?"

"ఎవ్వలు పాడలేదు. అది మనిషి పాడే మెట్టు కాదు."

పిల్ల కాసేపు నావైపు చూసి, "సరే టీచర్," అంది. నాలుగు మెట్లు దించిన ట్రాకుతో బుద్ధిగా పాడింది. ఎర్ర గుర్తున్న ప్రతిచోటా ఊపిరి తీసుకుంది. ఆమె వెళ్లాక నేను తేలికపడి చాయ్ తెప్పించాను.

డ్రిల్ టీచర్ గ్లాసు ముట్టలేదు. "అక్కా, దాని కండ్లు చూసినవా?"

"ఏమైంది?"

"నేను లాంగ్ జంప్ పిల్లలను చూస్త. ఇసుకల గీత గీసి, దీన్ని ఇప్పటిదాంక ఎవ్వలు దాటలే అంటే గట్లనే చూస్తరు. నువ్వు దానికి ఒద్దని చెప్పినవ్ అనుకుంటానవ్. నువ్వు చెప్పింది రికార్డు."

ఆ చాయ్ నేను కూడా తాగలేకపోయాను. పోటీకి ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ ఎనిమిది రోజుల్లో ఏం చేయాలో అంతా చేశాను. ఆమె ఫోను వార్డెన్ దగ్గర పెట్టించాను. దించిన ట్రాకు పెన్‌డ్రైవ్ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంచాను. అసలు శ్రుతిలో పాడనని ఒట్టు వేయించుకున్నాను. వేసింది. పేరు వెనక్కి తీసుకుందామని సిస్టర్ దగ్గరికి రెండుసార్లు పోయాను. రెండోసారి ఆమె, "టీచర్, డాక్టర్ ఒప్పుకున్నడు, పిల్ల ఒప్పుకుంది, తండ్రి ఒప్పుకున్నడు. మీ భయమొక్కటే ఒప్పుకుంటలేదు," అంది. భయానికి కారణం చూపించమంటే నా దగ్గర ఏముంది? ఒక డ్రిల్ టీచర్ చూసిన కళ్లు.

సెప్టెంబరు పదహారు, శనివారం. హనుమకొండలో ఆడిటోరియం నిండిపోయింది. తండ్రి యార్డు నుంచి నేరుగా వచ్చాడు. చొక్కా కొత్తది, జుట్టులో మాత్రం మక్కల పొట్టు అలాగే ఉంది. ట్రాకులు పెట్టే అబ్బాయికి పెన్‌డ్రైవ్ నా చేత్తో ఇచ్చి, రెండో వరుసలో కూర్చున్నాను. డ్రిల్ టీచర్ అవతలి వరసల్లో కూర్చుంది.

పిల్ల స్టేజీ ఎక్కింది. మైకు పట్టుకుని, ట్రాకులు పెట్టే బల్ల వైపు వంగి ఏదో అంది. ఆ అబ్బాయి తలూపాడు. అందరూ అడిగే పాట కదా, అసలు ట్రాకు అతని దగ్గర ఎప్పుడూ ఉంటుంది. ఆ సంగతి నాకు తట్టలేదు.

డప్పు దరువు మొదలైంది. దాని వెనక మొదటి తీగ మోగగానే తెలిసిపోయింది. అది నా ట్రాకు కాదు. నాలుగు మెట్లు పైన ఉంది.

లేవబోయాను. సగంలో ఆగాను. పక్కన తండ్రి చప్పట్లు కొడుతున్నాడు. లేచి అరిస్తే పిల్ల బెదిరి గొంతు ఇంకా బిగిస్తుంది. ఊరుకుంటే అక్కడికే పోతుంది. రెండింటిలో ఏది తక్కువ చెరుపో ఎంచేలోపు ఆమె పల్లవి అందుకుంది.

మీకు నిజం చెప్పాలి. చాలా బాగా పాడింది. ప్రతి గుర్తు దగ్గరా ఊపిరి తీసుకుంది, ఆ పాటలో మొదటిసారి ఎక్కడెక్కడ మనిషి ఉన్నాడో వినబడింది. ఒక్కో పంక్తీ అయిపోతుంటే నేను మిగిలినవి లెక్కపెడుతున్నాను. మూడు. రెండు. ఒకటి. ఆమె నవ్వు ముఖం పెట్టింది.

ఆ మెట్టు వచ్చింది.

ఫోనులో ఉన్నట్టు సూదిలా లేదు. కొంచెం వణుకుతో, వెడల్పుగా, నిండుగా వచ్చింది. హాలు లేచి కేక పెట్టింది. తండ్రి కుర్చీ ఎక్కాడు. నేను ఏడుస్తున్నానని నాకు తర్వాత డ్రిల్ టీచర్ చెప్పింది.

తర్వాత చరణం. పిల్ల నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

మళ్లీ తెరిచింది. గాలి కూడా రాలేదు. హార్మోనియం దగ్గర నేనుంటే, పిల్ల ఆగితే నేనూ ఆగుతాను. ఆ స్వరాన్నే పట్టుకుని ఎదురుచూస్తాను. ట్రాకు ఎవరి కోసమూ ఆగదు. డప్పులు వాయిస్తూనే ఉన్నాయి, లైట్లు తిరుగుతూనే ఉన్నాయి, ఆమె మైకు పట్టుకుని నోరు తెరుస్తూ మూస్తూ నిలబడింది. ఇదీ ఒక స్టయిల్ అనుకుని జనం ఇంకాస్త చప్పట్లు కొట్టారు. డ్రిల్ టీచర్ వరసలు దూకి స్టేజీ ఎక్కి ఆమెను దించుకొచ్చింది. నేను వెళ్లేసరికి పిల్ల గొంతు మీద చేయి పెట్టుకుని ఉంది. కళ్లలో బెదురు లేదు. అది తర్వాత వచ్చింది, ఆసుపత్రిలో, టీవీలో గసగసాల బదులు ఎర్రటి మరక చూసినప్పుడు.

మధ్యలో ఆపినందుకు ఎంపిక కాలేదు. ఎవరో తీసిన వీడియో మాత్రం మర్నాటికే ఊరంతా తిరిగింది. డ్రిల్ టీచర్ ఫోనులో చూపించింది. కింద వందల కామెంట్లు. చదవొద్దని ఆమె అంటూనే ఉంది, నేను అన్నీ చదివాను. చాలావాటి సారాంశం ఒకటే: అది ఆమె గొంతు కాదు, మిషన్. రికార్డు పెట్టి మూతి ఆడించింది. మధ్యలో రికార్డు కట్టయింది, దొరికిపోయింది.

చూస్తే అట్లాగే ఉంది మరి. నోరు కదులుతోంది, గొంతు లేదు, వాద్యం ఆగలేదు. ఆ పాటను మిషన్ పాడినప్పుడు అందరూ మనిషనుకున్నారు. మనిషి పాడినరోజు మిషనన్నారు.

పది వారాల మౌనం తర్వాత, నవంబరు ఆఖరులో గొంతు వచ్చింది. మాట బాగానే వచ్చింది, కాస్త బొంగురు. తండ్రి అన్నట్టు, మాటొచ్చింది. డిసెంబరులో ఒకరోజు తనంతట తనే సంగీతం గదికి వచ్చి మెట్లు కొలవమంది. కొలిచాను. నేను అంకె చెప్పలేదు, తనూ అడగలేదు. వేరే అడిగింది.

"టీచర్, ఒక్క మాట నిజం చెప్పుండ్రి. గా రోజు ఆ మెట్టు సరిగ్గ తాకినానా, లేక జర కిందున్నదా?"

ముప్పై రెండేళ్లలో నేను ఎవరికీ అబద్ధపు మార్కు వేయలేదు. అప్పుడు వేయాలని చాలా అనిపించింది.

"వెంట్రుకవాసి కిందుండె బిడ్డా."

ఆమె నవ్వింది. "అయితే మిషన్ కాదు. మిషన్ అయితే కిందుండది కద టీచర్."

ఆ మాట ఆ కామెంట్లలో రాద్దామని డ్రిల్ టీచర్ అంది. పిల్ల వద్దంది. ఏప్రిల్‌లో నేను రిటైరయ్యాను. ఆ పాటను ఇప్పుడు ఎవరూ పాడడం లేదు, దాని తర్వాత అటువంటివి చాలా వచ్చాయి. ఇప్పటికీ ఆటోలో పక్కన కూర్చున్న పిల్లలు సన్నగా ఏదైనా అందుకుంటే నేను మాట ఆపేసి, గాలి ఉందా అని వింటాను. అప్పుడప్పుడూ ఉంటుంది. ఏ ఊరి పిల్లో, ఏ బడో తెలియదు. నా స్టాపు వస్తుంది, దిగిపోతాను.

పోయినవి ఇవి. ఆ క్రిస్మస్‌కు ఆమె ఒక్కతే పాడవలసిన చరణం. కాయిర్ పై వరుసలో మరో నలుగురు, వాళ్ల తల్లిదండ్రులు భయపడి మాన్పించారు. ఇరవై అయిదు మెట్లలో పైవి తొమ్మిది. మిగిలినవి పదహారు. పదహారు మెట్లతో లోకంలో ఉన్న పాటల్లో చాలావరకు పాడుకోవచ్చు. ఆమె పాడడం లేదు.